దీపం సెగ మీద జెల్లీచేపలు

జెల్లీచేపను చచ్చాక నిలవ ఉంచడం మహా కష్టం. ఒంట్లో నూటికి 95 పాళ్లు నీళ్లే. స్పిరిట్ సీసాలో వేస్తే రంగు వెలిసిపోయి, గొడుగు ముడుచుకుపోయి, పాలిపోయిన ముద్ద మిగులుతుంది. పులి తోలులో పొట్టు కూరి నిలబెట్టగలిగిన ఆనాటి యూరప్ మ్యూజియాలకు, గంట ఆకారంలో విచ్చుకుని తేలే ఈ జీవులను చూపించే దారి దొరకలేదు. ఆ దారి వేసినవాడు బొహీమియాలో తరతరాలుగా గాజుపని చేస్తున్న కుటుంబంలో పుట్టిన లియోపోల్డ్ బ్లాష్కా.

భార్య, ఆ తర్వాత తండ్రి పోయిన దుఃఖంలో ఆయన 1853లో అమెరికాకు ఓడెక్కాడు. అజోర్స్ దీవుల దగ్గర గాలి పడిపోయి ఓడ రెండు వారాలు కదల్లేదు. ఆ రోజుల్లో సముద్రపు ప్రాణులను దగ్గరగా చూసి బొమ్మలు గీసుకున్నాడు. పదేళ్లకు, 1863లో, డ్రెస్డెన్ మ్యూజియం అధిపతి లుడ్విగ్ రైఖెన్‌బాఖ్ సముద్రపు ఆనిమోన్లను గాజులో చేసిపెట్టమన్నాడు. అక్కణ్నుంచి అదే జీవనోపాధి అయింది. కొడుకు రూడాల్ఫ్ కూడా చేయి కలిపాడు. 1888 నాటికి వాళ్ల జాబితాలో దాదాపు 700 రకాల నమూనాలున్నాయి.

పనిముట్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక చెక్కబల్ల, దాని మీద దీపం, మంటకు గాలి ఊదడానికి కాలితో తొక్కే తిత్తి, కొన్ని పట్టకార్లు. గాజు గొట్టాన్ని సెగకు పట్టి ఊది గొడుగు తెస్తారు. మెత్తబడ్డ గాజుకడ్డీని లాగితే తీగపాకంలా సాగుతుంది, అవే టెంటకిల్స్. వాటిని మంటలోనే అతికించాలని పట్టుబట్టలేదు. సరిపడని రెండు రకాల గాజులను కరిగించి కలిపితే, చల్లారేటప్పుడు పగుళ్లు తీస్తాయి. అందుకే జిగురు వాడారు, సన్నటి రాగితీగ వాడారు, అవసరమైతే కాగితం, మైనం కూడా. అచ్చంగా గాజు కాదు కదా అని ఎవరైనా పెదవి విరిస్తే నేను ఒప్పుకోను. ప్రాణి ఎలా ఉందో అలా కనిపించాలి, ఆ తండ్రీకొడుకుల నియమం అదొక్కటే.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది రంగు వేసిన తీరు. పారదర్శకమైన ఒంటికి పైన రంగు పూస్తే బొమ్మ అయి కూర్చుంటుంది. వీళ్లు చాలా జెల్లీచేపలకు గొడుగు అడుగువైపు సన్నటి చుక్కలు పెట్టారు. చూపు ముందు గాజు మందం దాటి, ఆ తర్వాతే చుక్కను చేరుతుంది. దాంతో రంగు ఒంటి లోపల ఉన్నట్టు అనిపిస్తుంది. ఎక్కడ ఆపాలో కూడా వాళ్లకు తెలుసు: గొడుగు అంచు దగ్గర గాజును ఖాళీగా వదిలేస్తే, నీళ్లలో ఒళ్లు ఎక్కడ ముగిసిందో తెలియని ఆ మసక గాల్లో కూడా వచ్చేస్తుంది. ఇంత సంయమనం ఉన్న చేయి నాకు మరెక్కడా కనబడలేదు.

ఏదో రహస్య యంత్రం ఉందని జనం అనుకునేవారు. అలాంటిదేమీ లేదని, ఉన్నదల్లా స్పర్శజ్ఞానమేనని, అది తరం నుంచి తరానికి పెరుగుతూ వస్తుందని లియోపోల్డ్ 1889లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ మరుసటి ఏడే హార్వర్డ్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదిరి, తండ్రీకొడుకులు పూర్తిగా గాజుపూల పనికి మళ్లారు. ఆ పూలకు వచ్చిన పేరు న్యాయమైనదే. అయినా సముద్రజీవుల పని అక్కడ ఆగిపోవడం నాకు పెద్ద లోటు. లియోపోల్డ్ 1895లో పోయాడు. రూడాల్ఫ్‌కు పిల్లలు లేరు, శిష్యులూ లేరు. 1939లో ఆయనతో ఆ విద్య ఆగింది.

బోస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు హార్వర్డ్ మ్యూజియంలో గాజుపూలు చూసి వెనక్కి వచ్చేయకండి. అక్కడే సముద్రజీవుల గాజు నమూనాలూ ఉన్నాయి. జెల్లీచేప దగ్గర కాస్త వంగి, గొడుగును కిందినుంచి చూడండి.