పిలుపుతో వెలిసే గుమ్మాలు

పుంగ్గోల్ ఎల్‌ఆర్‌టీ పడమటి వలయం 2014లో ప్రారంభమైనా టెక్ లీ స్టేషన్ తెరుచుకోలేదు. రైళ్ళు ఆగకుండా దాటిపోయేవి. సింగపూర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రాంగణం పక్కకు వచ్చాక, 2024 ఆగస్టు 15న అక్కడ రైలు ఆగింది. పేరు ముందు, ప్రవేశం తరువాత. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లలో అప్పటికప్పుడు పుట్టే మౌంట్ పాయింట్లదీ ఇదే తీరు.

1980లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐబీఎం కలిసి రూపొందించిన ఆండ్రూ ఫైల్ సిస్టమ్ ఒక గొప్ప వాగ్దానం చేసింది: ఏ యంత్రం నుంచి చూసినా ఫైలుకు ఒకటే దారి. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మౌంట్ల పట్టిక ప్రతి యంత్రం దగ్గరా విడిగా ఉంటుంది. ఇక్కడ మాత్రం మౌంట్ పాయింట్, వాల్యూమ్ పేరును మోసే ఒక ప్రత్యేక లంకెగా ఫైల్ సిస్టమ్‌లోనే ఉంటుంది. వాల్యూమ్ వేరే సర్వర్‌కు తరలిపోయినా దారి మారదు.

అయితే శిఖరాన ఉన్న డైరెక్టరీ సంగతి వేరు. అదీ ఒక వాల్యూమే. అందులో ఏయే సంస్థల పేర్లు కనబడాలో స్థానిక నిర్వాహకుడు నిర్ణయించేవాడు. ఆ వాల్యూమ్ అందకపోతే లోకమంతా అందనట్టే. ఓపెన్‌ఏఎఫ్‌ఎస్‌లోని డైన్‌రూట్ ఈ చిక్కును విప్పింది: క్లయింటే తన జాబితా చూసి ఆ డైరెక్టరీని అల్లుకుంటుంది. డీఎన్‌ఎస్‌ను అడగమని చెప్పి ఉంచితే, జాబితాలో లేని సంస్థ కూడా పేరు పలకగానే ప్రత్యక్షమవుతుంది.

దీనికి మూల్యం లేకపోలేదు. దారులు ఒకటే అయినా, శిఖరాన కనబడే పేర్లు యంత్రానికొక రకంగా ఉంటాయి. పైగా కనబడిన ప్రతి పేరునూ తట్టి చూసే ఫైల్ మేనేజర్, స్పందించని సర్వర్ల కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది. అందుకే ఫేక్‌స్టాట్ అనే సదుపాయం వచ్చింది: సర్వర్‌ను అడగకుండానే క్లయింట్ ఒక కల్పిత వివరం చెప్పి ఊరుకుంటుంది. సొగసైన పరిష్కారమేమీ కాదు. కానీ పనికొచ్చే అబద్ధం.

మరింత ఆలోచించవలసింది భద్రత గురించి. డైన్‌రూట్ కింద ఒక మరుగు డైరెక్టరీ ఉంది. అందులో సంస్థ పేరు, వాల్యూమ్ పేరు జోడించి పలికితే చాలు, పై డైరెక్టరీలేవీ దాటకుండా నేరుగా ఆ వాల్యూమ్‌లో దిగవచ్చు. పైదానికి తాళం వేశాం కనుక లోపలిది భద్రమని నమ్మిన నిర్వాహకుడికి ఇది అన్యాయంగా తోచవచ్చు. నిజానికి ఆ నమ్మకం మొదటి నుంచీ పొరపాటే. తన డైరెక్టరీపై పూర్తి అధికారం ఉన్న ఏ వినియోగదారుడైనా అదే వాల్యూమ్‌కు అక్కడ మౌంట్ పాయింట్ పెట్టుకోగలిగేవాడు. అప్పుడైనా ఇప్పుడైనా అడ్డుకోగలిగేది ఆ వాల్యూమ్ లోపలి డైరెక్టరీల అనుమతుల జాబితాలే.