అంచున ఒక చుక్క

ఆవు చెవి అంచున సన్నని సిరను గుచ్చితే చిన్న రక్తపు బొట్టు ఊరుతుంది. దాన్ని స్లైడు చివర ఉంచి, మరో స్లైడు అంచును ఏటవాలుగా ఆనిస్తే రక్తం ఆ అంచు పొడవునా తనంతట తానే పాకుతుంది. అప్పుడు ఒక్క ఊపున ముందుకు తోయాలి; చెయ్యి మధ్యలో ఆగితే పూతలో చారలు పడతాయి. పూత కొసన ఈకలా పలచబడిన చోట కణాలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా పరుచుకుంటాయి. చూడాల్సింది అక్కడే.

ఆరిన పూతను మిథనాల్‌తో గట్టిపరచి, జీమ్సా రంగులో అరగంట ఉంచి కడుగుతారు. వెయ్యి రెట్లు పెంచి చూస్తే గులాబీ రంగు కణం, దాని అంచున ముదురు ఊదా చుక్క. అదే పశువులకు జబ్బు తెచ్చే బాక్టీరియా, అనాప్లాస్మా మార్జినేల్. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ దీన్ని గుర్తించాడు. అంచున ఉంటుంది గనకనే ఆ పేరు. చుక్క మైక్రాన్‌కు మించదు. రంగు మడ్డి కూడా అలాగే కనిపిస్తుంది. అందుకే ఫోకస్ మర కొద్దిగా తిప్పి చూస్తారు: అసలు చుక్క కణంతో పాటే స్పష్టమవుతుంది, మడ్డి వేరే మట్టంలో తేలుతుంది.

జబ్బు తగ్గిన పశువు రక్తంలో బాక్టీరియా మిగిలే ఉంటుంది, కానీ కంటికి దొరకనంత తక్కువగా. అక్కడ పీసీఆర్ పనికొస్తుంది. సుమారు 95 డిగ్రీల వేడికి డీఎన్ఏ జంట పోగులు విడిపోతాయి. చల్లార్చగానే, ఆ బాక్టీరియా జన్యువుకే అతికేలా తయారుచేసిన చిన్న ముక్కలు వాటి చోట కూర్చుంటాయి. 72 డిగ్రీల దగ్గర టాక్ ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. వేడినీటి ఊటల్లో బతికే సూక్ష్మజీవి నుంచి వచ్చింది కనుక అది ఆ వేడికి చెడదు. లెక్క ప్రకారం 30 చుట్లలో ఒక్క ప్రతి 100 కోట్లు దాటుతుంది.

ఈ బాక్టీరియాను మోసే పిడుదు దగ్గర చిక్కు వేరు. దాని పొట్టలో ఉన్నది ఆవు రక్తమే. అందులో దొరికిన డీఎన్ఏ నిన్నటి మేతది కావచ్చు. కాబట్టి ఆల్కహాల్‌తో కడిగి, వీపు పెంకు కోసి, ద్రాక్షగుత్తుల్లాంటి లాలాజల గ్రంథులను విడిగా తీస్తారు. బాక్టీరియా అక్కడికి చేరిందంటే పిడుదు దాన్ని మరో పశువుకు అంటించగలదన్నమాట.

ప్రతి పీసీఆర్ విడతలోనూ ఒక గొట్టంలో నమూనాకు బదులు నీళ్లు పోస్తారు. పెరిగిన డీఎన్ఏను గీతలుగా చూపే జెల్ మీద ముందు చూసేది దాని వరుసనే. అది ఖాళీగా ఉంటేనే మిగతా గీతలను నమ్ముతారు; అందులోనూ గీత పడితే ఆ విడత మొత్తం పారేసి మళ్లీ మొదలుపెడతారు.