సినిమా పూర్తయ్యేది క్యాబిన్‌లోనే

టైటిల్స్‌లో ఛాయాగ్రాహకుడి పేరు పడుతుంది, ఎడిటర్ పేరు పడుతుంది, రీళ్ల కాలంలో ప్రింట్లు తీసిన ల్యాబ్ పేరు కూడా పడేది. హాల్లో ప్రొజెక్టర్ మిషన్ నడిపే ఆపరేటర్ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల పల్లెల నుంచి వనపర్తికి సెకండ్ షోలకు పోయిన మా తరానికి ప్రతి సినిమా అందింది మాత్రం ఆ మనిషి చేతుల మీదుగానే. మద్రాసు ల్యాబ్‌లో ప్రింటు తీసి డబ్బాల్లో పెట్టినంత మాత్రాన సినిమా తయారైనట్టు కాదు. హాలు వెనక ఇరుకు క్యాబిన్‌లో, కార్బన్ పొగ మధ్య ఆపరేటర్ చేసే పని కూడా తోడైతేనే అది సినిమా అయ్యేది. ఆ పనితనాన్ని దగ్గరగా చూసే అవకాశం వయసులో ఉండగా నాకు దొరికింది. దాని గురించి వివరంగా చెప్పాలనే ఈ వ్యాసం.

మా వైపు సెకండ్ షోనే సరైన ఆట. పగలంతా పల్లి చేలల్లో పని ఉంటుంది. పొద్దుగూకాక స్నానం చేసి, ఇంత తిని, సైకిళ్ల మీదనో ట్రాక్టర్ డబ్బాలోనో బయలుదేరేవాళ్లం. హాలు మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట వినబడిందంటే ఆట మొదలవుతున్నట్టు లెక్క. నేల టికెట్టు తీసుకుని కూర్చుంటే ముందు న్యూస్‌రీలు, ఆ తర్వాత సెన్సార్ సర్టిఫికెట్టు. దాని మీద రీళ్ల సంఖ్య చదివి ‘పదహారు రీళ్లు!’ అని ఎవరో అరిస్తే హాలంతా ఈలలు. సినిమా పెద్దదైతే పెట్టిన పైసలు గిట్టుబాటైనట్టే. అర్ధరాత్రి దాటాక చీకట్లో తిరుగుదారి. కాకతీయుల నాటి గోన గణపారెడ్డి పేరుతో ముడిపడిన కోట గుట్ట దూరం నుంచి నల్లగా కనబడేదాకా పాటలూ ఫైట్లూ మళ్లీ ఒకసారి మా నోళ్లలో ఆడేవి.

ఆ సినిమా మా దగ్గరికి కొత్తగా వచ్చేది కాదు. ఏ సెంటర్లలో ఆడి, బి సెంటర్లు తిరిగి, అరిగి, గీతలు పడి మా దాకా చేరేది. ముందటి హాల్లో ఎవరి మిషన్‌లోనో అంచు రంధ్రాలు చిరిగిన రీలు, ఎవరో తొందరలో వంకరగా అతికించిన జాయింటు, అన్నీ ఆ డబ్బాలోనే వచ్చేవి. అందుకే మంచి ఆపరేటర్ డబ్బా రాగానే రీలును నేరుగా మిషన్‌కు ఎక్కించడు. రివైండర్ మీద పెట్టి కుడిచేత్తో నెమ్మదిగా తిప్పుతూ, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఫిల్ము రెండు అంచులూ పట్టుకుంటాడు. కళ్లు ఎటు చూస్తున్నా వేళ్లు మాత్రం ఫిల్మునే చదువుతుంటాయి. చిరిగిన రంధ్రం తగలగానే చెయ్యి ఆగుతుంది.

ఇక జాయింటు, అంటే చిరిగిన చోటు కత్తిరించి మళ్లీ అతికించడం. 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక్కో ఫ్రేముకు పక్కన నాలుగు రంధ్రాలు ఉంటాయి. సరిగ్గా రెండు ఫ్రేముల మధ్య గీత చూసుకుని కత్తిరించాలి. ఒక్క రంధ్రం అటూ ఇటూ అయినా తెర మీద హీరో కాళ్లు పైన, తల కింద కనబడతాయి. కత్తిరించాక ఒక కొస మీది మందు పొరను బ్లేడుతో గీకి తీసేయాలి. ఎక్కువ గీకితే ఫిల్ము పలచబడి తెగుతుంది, తక్కువ గీకితే ఫిల్ము అతికించే సిమెంటు పట్టదు. సన్నటి బ్రష్షుతో సిమెంటు ఒక్కసారే పూసి, రెండో కొస పెట్టి నొక్కి పట్టుకోవాలి. అంతటితో అయిపోలేదు. అంచున ఉండే సౌండు ట్రాక్ మీదుగా జాయింటు పోతే స్పీకర్లో ‘టప్’మని మోత వస్తుంది. అది రాకుండా ఆ చోట నల్ల ఇంకుతో చిన్న త్రికోణం గీస్తాడు. వెలుగు ఒక్కసారిగా తెగకుండా మెల్లగా తగ్గి మెల్లగా పెరుగుతుంది కాబట్టి చెవికి ఏమీ తెలియదు. సెకనుకు 24 ఫ్రేములు పరుగెత్తే చోట, ఒకటి రెండు ఫ్రేములకు మించి పోగొట్టకుండా అతికించడం కంసాలి పనికి తీసిపోని పని. పాలిస్టర్ ప్రింట్లు వచ్చాక సిమెంటు పట్టక టేపు జాయింట్లు వచ్చాయి. అప్పుడూ వేళ్ల పని తప్పలేదు.

మిషన్‌లో ఫిల్ము ఎక్కించడమూ అంతే. స్పూళ్లు ఆగకుండా తిరుగుతుంటాయి, వెలుగు పడే గేటు దగ్గర మాత్రం ఫిల్ము సెకనుకు 24 సార్లు ఆగి కదలాలి. ఈ రెండు నడకలకూ పొత్తు కుదిర్చేవి గేటుకు పైనా కిందా వదిలే లూపులు. లూపు బిగిస్తే ఫిల్ము తెగుతుంది. కింది లూపు కొలత తప్పితే మాట ఒక దగ్గర, పెదవి ఒక దగ్గర. ఎందుకంటే సౌండు చదివే భాగం గేటు కింద సుమారు 20 ఫ్రేముల దూరంలో ఉంటుంది. టేపు పట్టి కొలిచే తీరిక ఎవరికీ లేదు. రెండు వేళ్ల ఎడమే కొలత.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది ఆర్క్. లాంప్‌హౌస్‌లో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉంటాయి. రెక్టిఫయర్ నుంచి డీసీ కరెంటు వస్తుంది. కడ్డీల కొసలు ఒక్క క్షణం తాకించి విడదీస్తే మధ్యలో మంట లేచి, పాజిటివ్ కొసన తెల్లగా కాలే గుంట ఏర్పడుతుంది. తెర మీద మనం చూసే వెలుగంతా ఆ చిన్న గుంటదే. కడ్డీలు కాలేకొద్దీ ఎడం పెరుగుతుంది. నల్ల అద్దంలోంచి చూస్తూ, మరలు తిప్పుతూ వాటిని ముందుకు జరుపుతూనే ఉండాలి. కొంచెం ఏమరితే తెర ఒక పక్క గోధుమ రంగుకో నీలానికో తిరుగుతుంది. సెకండ్ షో వేళకు మా ప్రాంతంలో మరో పరీక్ష ఉండేది. రాత్రిపూట వ్యవసాయ మోటార్లకు కరెంటు ఇచ్చే రోజుల్లో వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయేది. నేల క్లాసులో మాకు ఆ సంగతి తెలిసేదే కాదు. ఆర్క్ చిటపటలో తేడా విని, బొమ్మ మసకబారకముందే ఆపరేటర్ కడ్డీలు దగ్గరికి జరిపేవాడు. వెన్నెల సన్నివేశం వెన్నెలగానే కనబడిందంటే ఛాయాగ్రాహకుడి ప్రతిభకు ఆ చెవి కూడా తోడైంది.

రెండు మిషన్లున్న హాల్లో చేంజోవర్, అంటే ఒక మిషన్ నుంచి రెండోదానికి ఆట మార్చడం చూడాలి. వెయ్యి అడుగుల రీళ్లు రెండు కలిపితే రెండు వేల అడుగుల స్పూలు, అంటే సుమారు 22 నిమిషాలు. అయిపోవస్తుండగా తెర కుడిపక్క పైమూలన చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషన్ మోటారు వేయాలి. మరో ఏడు సెకన్లకు ఇంకో చుక్క. అప్పుడు ఒక మిషన్ వెలుగు మూసి రెండోదాని వెలుగు తెరవాలి. ఆలస్యమైతే తెల్లతెర, తొందరపడితే మాట మింగినట్టు అవుతుంది. చుక్కలు చిరిగిపోయిన పాత ప్రింట్లలో అతను డైలాగునే గుర్తు పెట్టుకునేవాడు. ఒకే మిషన్ ఉండే టూరింగ్ టాకీసుల్లో స్పూలు స్పూలుకూ లైట్లు వేయాల్సి వచ్చేది. ఆ అనుభవం ఉన్నవాళ్లకు చేంజోవర్ విలువ చెప్పనక్కర్లేదు.

1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం. స్కోప్‌తో ఆపరేటర్‌కు మరో పని తోడైంది. స్కోప్‌లో బొమ్మను ఫిల్ము మీద పక్కల నుంచి సగానికి నొక్కి ముద్రిస్తారు. ప్రొజెక్టర్ ముందు పెట్టే ప్రత్యేక లెన్సు దాన్ని మళ్లీ విప్పాలి. న్యూస్‌రీలేమో మామూలు కొలతది. అది ముగిసి సినిమా మొదలయ్యే సందులో లెన్సు, గేటు ప్లేటు మార్చాలి, తెర పక్కల నల్లగుడ్డలు జరగాలి. ఆ గుడ్డలు జరిగి తెర వెడల్పైన క్షణంలో మేం వేసిన ఈలలు హీరోకే అనుకున్నాం. వాటిలో సగం ఆపరేటర్‌కు చెందాలి.

ఇదంతా రోజుకు నాలుగు ఆటలు. చివరి ఆటకు కళ్లు మండుతాయి, కాళ్లు లాగుతాయి. కొన్ని హాళ్లలో సెకండ్ షోకు ఒక పాట ఎగరగొట్టి తొందరగా ముగించేవారు. నేనెరిగిన ఆపరేటర్ ఆ పని చేయలేదు. పల్లెటూళ్ల నుంచి రాత్రిపూట వచ్చినవాళ్లకు పూర్తి సినిమా చూపించాలన్నది అతని పట్టుదల. పైగా జనం ‘ఒన్స్‌మోర్’ అంటే రీలు వెనక్కి తిప్పి పాట మళ్లీ వేసిన రోజులున్నాయి.

డిజిటల్ వచ్చాక మేలే జరిగింది. హైదరాబాదులో విడుదలైన రోజే చిన్న టౌన్లలోనూ కొత్త సినిమా చూస్తున్నాం, గీతల్లేని బొమ్మ చూస్తున్నాం. దాన్ని కాదనను. కానీ రీలు అంచు తాకి చిరుగు పట్టే వేళ్లు, చిటపట విని వోల్టేజీ కనిపెట్టే చెవి ఇప్పటికీ మన ఊళ్లలో అరవై డెబ్బై ఏళ్ల మనుషుల దగ్గర ఉన్నాయి. పాత హాళ్లు ఫంక్షన్ హాళ్లుగా, గోదాములుగా మారుతుంటే మిషన్లు పాతసామాను కొట్లకు తూకానికి పోతున్నాయి. ఒక్కో పాత తాలూకాలో ఒక్క మిషన్‌నైనా కదిలే స్థితిలో నిలబెట్టి, దాని ముందు పాత ఆపరేటర్లను కూర్చోబెట్టి, జాయింటు ఎలా వేస్తారో ఆర్క్ ఎలా పట్టుకుంటారో వీడియో తీసి దాచాలి. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు స్టూడియోలతో పాటు క్యాబిన్ల గడపా తొక్కాలి. అడిగితే వాళ్లు సంతోషంగా చెబుతారు. అడగాల్సింది మనమే, అదీ ఇప్పుడే.