బొబ్బిలి వీణా, చేర్యాల పటమా?

"సార్ వెళ్లిపోతున్నారు, ఏమిద్దామండీ?" అన్న మాట ఆఫీసులో పుట్టగానే ఒకరు చందాల జాబితా రాస్తారు, ఇంకొకరు షాపుకి ఫోన్ చేస్తారు. విజయనగరం, విశాఖ వైపు చాలాసార్లు ఆ ఫోన్ బొబ్బిలి వీణ కోసమే. అద్దాల పెట్టెలో బుల్లి వీణ, కింద ఇత్తడి రేకు మీద 'వీడ్కోలు శుభాకాంక్షలతో, సిబ్బంది' అన్న అక్షరాలు. తెలంగాణలో, గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసే చేర్యాల నకాషీ పటాన్ని ఇచ్చేవాళ్లున్నారు. రెండూ మన చేతివృత్తులే, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. వీడ్కోలు కానుకలుగా మాత్రం దేని తీరు దానిదే.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఈ వీణలు పనసకొయ్యతో తయారవుతాయి. కచేరీలో వాయించే పెద్ద వీణను ఒకే దుంగలోంచి తొలుస్తారు, అందుకే ఏకాండి వీణ అంటారు. బుల్లి వీణ పలకదు. అయినా కుండ నునుపూ, వంపు చివర యాళి తలా చూస్తే చేతిలోకి తీసుకోవాలనిపిస్తుంది. దీనిలో నాకు నచ్చే గుణం, ఇది ఎవరినీ పొగడదు. ఆర్నెల్లకే బదిలీ అయిన అధికారికి ఇంతకంటే మర్యాదైన కానుక లేదు. ఏళ్ల తరబడి ఒకే బ్రాంచిని నడిపి, రిటైరవుతున్న మేడమ్‌కి ఇస్తే మాత్రం వెలితిగానే ఉంటుంది. ఆ పెట్టెలో ఆవిడ ఎక్కడా లేరు. పక్క ఆఫీసు సార్‌కి ఇచ్చినా రేకు మార్చే పనిలేదు.

పటం పుట్టిందే కథ చెప్పడానికి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూతలుగా పట్టించి ఆరబెడతారు. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వరసలు వరసలుగా దిగుతాయి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకళ్లకు మడేలు పురాణం చెప్పే కథకులు ఆ పొడవాటి చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా కథ నడిపేవారు. ఇప్పుడు నకాషీ కళాకారులు గోడకు పట్టేంత పటాలు కూడా వేస్తున్నారు. అడిగి వేయించుకోవచ్చు.

అడగాలంటే ముందు ఏం వేయించాలో తేలాలి. ఈ కానుక అసలు విలువ నాకు అక్కడే కనబడుతుంది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల దగ్గర కూర్చుని, "ఆడిట్ రోజుల్లో మేడమ్ రాత్రి పదింటిదాకా మనతోనే ఉన్నారు, అది పెట్టాలి" అని ఒకరంటే, "మా పాపకి జ్వరమొస్తే తన కారిచ్చి పంపారు, అదీ ఉండాలి" అని అటెండర్ అంటాడు. అలా నాలుగు ఘట్టాలు ఏరుకునేసరికి, ఆవిడ తమకేమయ్యారో అందరికీ తెలిసొస్తుంది. షాపులో కొన్న వస్తువుతో ఇది జరగదు.

పటానికీ దోషం ఉంది. పురాణమంటే స్తుతి. నాయకుణ్ణి నడుమ పెట్టి పెద్దగా వేసే అలవాటు చేతిలో ఉంటుంది. చెప్పకపోతే మేనేజరు ధర్మరాజై కూర్చుంటాడు, సిబ్బంది చేతులు కట్టుకు నిలబడతారు. అందరినీ ఒకే ఎత్తున వేయమని ముందే చెప్పాలి. ఇంకోటి, దీనికి వారాలు పడతాయి. రిటైర్మెంటు తేదీ ముందే తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. బదిలీ ఉత్తర్వు అలా ఆగదు, అప్పుడు వీణే దిక్కు.

ఏది ఇచ్చినా డబ్బు ఎవరిదన్నది నాకు ముఖ్యం. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 14వ నియమం ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంది. వీడ్కోలు విందుకు చందా ఇమ్మని ఏ ఉద్యోగినీ ఒత్తిడి చేయరాదు. పై స్థాయి అధికారి విందు కోసం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగుల దగ్గర ఏ పరిస్థితిలోనూ వసూలు చేయరాదు. కానుకకూ, ప్రైవేటు ఆఫీసుకూ ఇదే పద్ధతి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. వీణ కొనేటప్పుడు చందా ఇవ్వని అటెండర్‌కి ఆ కానుకలో చోటుండదు. పటంలో పైసా ఇవ్వకపోయినా కారు ఘట్టం అతనిదే.