అప్పీలులో బాలిక సాక్ష్యం

లంబసింగి ఘాట్ రోడ్డు పనుల్లో సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత చాకిరీ చేయించుకోవడం 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. అలాంటి వెట్టిచాకిరీని, మనుషుల అక్రమ రవాణాను రాజ్యాంగంలోని 23వ అధికరణ కలిపే నిషేధించింది కనుక, పిల్లల అక్రమ రవాణా కేసులు అప్పీలులో ఏమవుతున్నాయన్న ప్రశ్న ఈ ప్రాంతానికి పరాయిది కాదు.

భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం ఒక బాలికను లేదా బాలుణ్ణి అక్రమంగా రవాణా చేసినందుకు కనీస శిక్ష 10 ఏళ్లు, ఒకరికి మించితే 14 ఏళ్లు. సెషన్స్ కోర్టు ఈ శిక్ష వేస్తే దోషి హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలు తేలేదాకా శిక్షను నిలిపి బెయిలు ఇవ్వమని కూడా అడగవచ్చు గానీ, శిక్ష పదేళ్లకు తగ్గనిది కాబట్టి, విడుదలకు ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చి తీరాలి.

అప్పీలు విచారణలో బాలిక కోర్టులో ఉండదు, ఆమె సాక్ష్యం రాసిన కాగితాలే ఉంటాయి. కింది కోర్టు జడ్జి ఆమె తడబాటును, కన్నీళ్లను, ప్రశ్నకూ జవాబుకూ మధ్య మౌనాన్ని కళ్లారా చూస్తారు. హైకోర్టుకు చేరే రికార్డులో మాత్రం పోలీసులకు చెప్పినదానికీ, బోనులో చెప్పినదానికీ ఉన్న తేడాలే కొట్టొచ్చినట్టు కనబడతాయి, డిఫెన్స్ వాదన సాధారణంగా వాటినే పట్టుకుని సాగుతుంది. అందుకే అప్పీలు రికార్డు చదవడం ఒక విద్య, అందులో ఓర్పుదే మొదటి స్థానం. బెంగళూరు పీణ్య పోలీసులు పెట్టిన కె.పి. కిరణ్ కుమార్ కేసులో 2025 డిసెంబరులో దోషి అప్పీలును కొట్టివేస్తూ సుప్రీంకోర్టు ఈ ఓర్పునే కోరింది: వలలో వేసేవారు, తరలించేవారు, దాచేవారు, వాడుకునేవారు వేర్వేరుగా పనిచేసే ముఠా తీరును ఒక బాలిక పొల్లుపోకుండా వివరించడం కష్టమనీ, వెంటనే ఎదురు తిరగనంత మాత్రాన ఆమె మాటను అనుమానించరాదనీ, ఆమెను నేరంలో భాగస్వామిగా కాక గాయపడిన సాక్షిగా చూడాలనీ చెప్పింది. ఇది నిందితుల హక్కులను తగ్గించేది కాదు; నమ్మదగిన సాక్ష్యమైతే అది ఒక్కటే శిక్షకు చాలుననడం పాత సూత్రమే.

కింది కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసినప్పుడు జరిగేది ఇంతకంటే బాధాకరం. ప్రభుత్వం అప్పీలు చేయాలంటే హైకోర్టు అనుమతి కావాలి. బాధితులకు 2009 డిసెంబరు 31 నుంచి స్వయంగా అప్పీలు చేసే హక్కు ఉంది, దానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని మల్లికార్జున్ కొడగలి కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. నిందితులు విడుదలైనా, తక్కువ నేరానికే శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా ఈ హక్కు పనికొస్తుంది. శిక్ష చాలలేదన్న కారణానికి మాత్రం వర్తించదు.

అయితే తీర్పు వెలువడిన సంగతే తెలియని కుటుంబానికి ఈ హక్కు ఎలా అందుతుంది? ఏజెన్సీ అంచునున్న పల్లె నుంచి అమరావతిలోని హైకోర్టుకు వెళ్లి వకీలును పెట్టుకోవడం కూలి జనానికి అయ్యే పని కాదు; అయితే 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం అక్రమ రవాణా బాధితులకు ఉచిత న్యాయ సహాయాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇచ్చింది. ఆ సహాయం నిజంగా అందాలంటే, తీర్పు వచ్చిన రోజే దాని సారాన్ని ఆ కుటుంబానికి తెలుగులో చెప్పి, అప్పీలు చేస్తారా అని అడిగి, జవాబును రాసి పెట్టుకునే బాధ్యతను న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాదికి అప్పగించాలి.