నిప్పు సిద్ధమయ్యాకే గ్యాస్

అమెరికాలో చాలా గ్యాస్ ఓవెన్లు నాబ్ తిప్పగానే అంటుకోవు. అర నిమిషం, ఒక్కోసారి నిమిషం పైనే ఏ అలికిడీ ఉండదు. ఆ సమయంలో అడుగు రేకు కింద, బర్నర్ పక్కన ఓ సిలికాన్ కార్బైడ్ కడ్డీ వేడెక్కుతూ ఉంటుంది. అదే గ్లోబార్. మొదట ముదురు ఎరుపు, ఆపైన కళ్లు చెదిరే నారింజ రంగు. నిప్పంటించడం అగ్గిపుల్లకూ వచ్చు. దీని అసలు తెలివి వేరే ఉంది. కాలేకొద్దీ కడ్డీ నిరోధం తగ్గి, కరెంటు ఎక్కువ పారుతుంది. అదే కరెంటు గ్యాస్ వాల్వులో రెండు లోహాలు అతికించిన పట్టీనీ వేడిచేస్తుంది. సుమారు 3 ఆంపియర్లు పారితే గానీ ఆ పట్టీ వంగదు, అది వంగితే గానీ గ్యాస్ రాదు. మధ్యలో కరెంటు పోయిందా, వాల్వు దానంతటదే మూసుకుంటుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటో!

కడ్డీ పాతబడితే ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది, కానీ చాలినంత కరెంటు పారక ఓవెన్ మాత్రం చల్లగా పడి ఉంటుంది. పని తెలిసిన మెకానిక్ ఆ వెలుగును నమ్మడు. తీగకు క్లాంప్ మీటరు తగిలించి ఆంపియర్లు చూస్తాడు. కొత్తది బిగించేటప్పుడు పింగాణీ దిమ్మనే పట్టుకుంటాడు, కడ్డీ మీద వేలు పడనివ్వడు. అంత పెళుసు మరి. అమెరికాలోని మనవాళ్లు బిర్యానీ ట్రేకి ఫాయిల్ బిగించి దమ్‌కి ఓవెన్లో పెట్టాక, వేడి తగ్గినప్పుడల్లా థర్మోస్టాట్ ఈ కడ్డీనే మళ్లీ లేపుతుంది. బర్నర్ మండినంతసేపూ అదీ వెలుగుతూనే ఉండాలి.