సుమో వెనక కూర్చున్న మనిషి

సినిమా చూడటం కూడా నేర్చుకుంటే వచ్చే పనే. కర్నూలులోనూ కడపలోనూ డిగ్రీ చదివే పిల్లలతో కూర్చుని సినిమాలు చూడటం, చూశాక తీరిగ్గా మాట్లాడుకోవడం కొన్నేళ్లుగా చేస్తున్నాను. వాళ్లకు మొదట చెప్పేది ఒక్కటే. హీరోను కాసేపు వదిలెయ్యండి, తెర అంచులు చూడండి. అక్కడ నిలబడింది ఎవరు? చేతిలో ఏముంది? ఆ మనిషికి పేరు పెట్టారా? చచ్చిపోతే ఆ ఇంటికి కెమెరా పోయిందా?

ఇట్లా చూడటం అలవాటైతే ఫ్యాక్షన్ సినిమా మరోలా కనిపిస్తుంది. 1997లో ‘ప్రేమించుకుందాం రా’తో కర్నూలు కక్షలు పెద్ద తెర మీద అమ్ముడుపోయే సరుకని తేలింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’. ఆరేళ్లు తిరిగేసరికి రాష్ట్రమంతటికీ రాయలసీమ అంటే గాల్లోకి లేచే సుమోలు, వేటకొడవళ్లు. ఇక్కడి పిల్లలు హైదరాబాదు హాస్టళ్లలో చేరితే ‘మీ ఊళ్లో ఇంటింటా బాంబులు చుడతారంట గదా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర ఫోటో దిగే వాళ్లలో ఎక్కువమందికి అది ‘ఒక్కడు’లో మహేశ్‌బాబు ప్రకాశ్‌రాజ్‌ను కొట్టిన చోటు. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పుట్టిన పెదపాడు ఈ ఊరి పక్కనే.

ఈ సినిమాల మీద సీమవాళ్లకు కోపం ఉంది. న్యాయమైన కోపమే. అయితే అది ఎక్కువగా ‘మా పెద్దమనుషులను రాక్షసులుగా చూపించారు’ అన్న దగ్గర ఆగిపోతుంది. నా కోపం వేరు. ఆ కథల్లో రెండు పెద్ద ఇళ్లవాళ్లు మాత్రమే మనుషులు. సుమో వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నవాళ్లు, నాటుబాంబుల సంచి మోసేవాళ్లు, ‘అన్నా’ అంటూ అడ్డంపడి చచ్చేవాళ్లు ఏ గేరి, అంటే ఏ వాడ, నుంచి వచ్చారో సినిమా అడగదు. ఫ్యాక్షన్ నడిచిన ఊరికి పోయి ఎవరిని కదిలించినా చెబుతారు, చచ్చినవాళ్లలో, జైళ్లకు పోయినవాళ్లలో కూలోళ్లూ జీతగాళ్లూ ఎంతమందో. మాలగేరి, మాదిగగేరి, వెనకబడిన కులాల వీధులు. అటువైపూ వాళ్లే, ఇటువైపూ వాళ్లే. కేసు నడిచినన్నాళ్లూ ఆ ఇళ్ల ఆడవాళ్లు కోర్టు ముందర చెట్టు కింద కూర్చున్న కూర్చోవడం మీద ఎన్ని సినిమాలైనా తీయొచ్చు.

యాస సంగతీ ఇంతే. శిరివెళ్లలో పుట్టి, గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేసిన జయప్రకాశ్ రెడ్డి ‘ప్రేమించుకుందాం రా’లో మా మాటను ఎంత నిజంగా పలికారో! ఇంట్లో పెద్దాయన మాట్లాడినట్టే ఉంటుంది. పరిశ్రమ ఆ యాసను విలన్‌కు రాసిచ్చేసింది. హీరో సీమవాడే అయినా ప్రేమించేటప్పుడు మాత్రం కోస్తా మాటే మాట్లాడతాడు. వేదిక మీద ఒక్కరే నిలబడి ఆడిన ‘అలెగ్జాండర్’ నాటకం చూసినవాళ్లకు తెలుసు, ఆయనలో ఇంకెంత మనిషి ఉన్నాడో. 2020 సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయారు.

అమెరికా నల్లజాతి సినిమా నాకు దగ్గరైంది ఈ కోపం వల్లే. 1915లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ నల్లవాళ్లను మృగాలుగా, వాళ్లను చంపే కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపించి దేశమంతా ఆడింది. ఐదేళ్లకు ఆస్కార్ మిషో ‘విథిన్ అవర్ గేట్స్’ తీశాడు. గుంపు కూడి నల్లవాళ్లను కొట్టి చెట్టుకు ఉరితీయడం ఎట్లా ఉంటుందో చంపబడినవాళ్ల వైపు నుంచి చూపించాడు. మిషో అంతకు ముందు సౌత్ డకోటాలో సేద్యం చేసుకున్న రైతు. తన నవలలు తనే అచ్చేసి ఇంటింటికీ తిరిగి అమ్మినవాడు. రైతులకు వాటాలు అమ్మి తొలి సినిమాకు డబ్బు కూడబెట్టాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పత్తికొండ, ఆలూరు పక్కనుంచి వచ్చిన పిల్లల ముఖాలు చూడాలి. మెట్టసేద్యం చేసినవాడు సినిమా తీశాడా అని!

1971లో ‘షాఫ్ట్’, 1972లో ‘సూపర్ ఫ్లై’. నల్లవాడు తుపాకీ పట్టి గెలిచే సినిమాలు వరసకట్టాయి, స్టూడియోలు బాగుపడ్డాయి. నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీకి చెందిన జూనియస్ గ్రిఫిన్ 1972లోనే గట్టిగా అడ్డుపడ్డాడు. నల్లజాతి జీవితాన్ని మత్తుమందులకూ తుపాకులకూ కుదించి, నల్లవాళ్లకే టికెట్లు అమ్ముతున్నారని ఆ రోజుల్లో నడిచిన వాదన. రెండో వైపూ వినాలి. ఆ సినిమాలు ఎందరో నల్లజాతి నటులకు, సాంకేతిక నిపుణులకు పని ఇచ్చాయి. హాల్లో కూర్చున్న కుర్రాడు జీవితంలో మొదటిసారి తనలాంటివాడు గెలవడం చూశాడు. మన ఫ్యాక్షన్ సినిమా గేరి కుర్రాడికి ఆ పాటి కూడా ఇవ్వలేదు. వాడు ఈల వేసింది వేరేవాళ్ల మీసం చూసి.

వీటన్నిటికీ సరైన జవాబు నల్లజాతి దర్శకుడు చార్లెస్ బర్నెట్ తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ అని నా నమ్మకం. లాస్ ఏంజెలెస్‌లో వాట్స్ అనే పేట ఉంది. 1965లో పోలీసుల మీద కోపం తిరుగుబాటై మండిన చోటు. బర్నెట్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, శని ఆదివారాల్లో, పదివేల డాలర్ల లోపు ఖర్చుతో, ఎక్కువగా అక్కడివాళ్లనే పెట్టి నలుపు తెలుపుల్లో ఈ సినిమా తీశాడు. 1977లో పూర్తయింది. స్టాన్ అనే మనిషి గొర్రెల కబేళాలో పనిచేస్తాడు. నిద్ర పట్టదు. ఇంటికొస్తే భార్యతో మాట రాదు. స్నేహితుడితో కలిసి ఒక పాత ఇంజన్ కొని, మెట్ల మీదుగా చచ్చీచెడీ మోసుకొచ్చి బండి వెనక పెడతాడు. బండి కదలగానే ఇంజన్ జారి పడి పగిలిపోతుంది. ఇద్దరూ దాన్ని రోడ్డు మీదే వదిలేసి వెళ్లిపోతారు. అంతే కథ.

దీన్ని చూపించేటప్పుడు తెర పక్కన నిలబడి సంభాషణలు తెలుగులో చెబుతాను. తోలుబొమ్మలాట పుట్టి పెరిగిన నేల కాబట్టి పక్కన ఒక గొంతు వినిపిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కష్టమంతా ఎప్పుడు నోరు మూసుకోవాలన్న దగ్గరే. భార్యాభర్తలు డైనా వాషింగ్టన్ పాటకు మెల్లగా నాట్యం చేసే చోట ఒక్క మాట కూడా చెప్పను. పాట అయిపోయాక అతను ఆమెను వదిలించుకుని వెళ్లిపోతే, వెనక బెంచీల్లో ఆడపిల్లలు ఎందుకు వెళ్లిపోయాడని అడగరు. వాళ్లకు అర్థమవుతుంది. ఒకసారి ఒక కుర్రాడు ‘ఏంది సార్, ఈ మనిషి నగనే నగడు’ అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా బేతంచెర్ల పక్క పల్లె అమ్మాయి, తండ్రి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ‘మా నాయనా అంతే లేప్పా, ఇంటికొస్తే నగడు’ అంది.

ఆ సినిమాలో తెల్లవాళ్లు దాదాపు కనిపించరు. కొట్టే పోలీసు లేడు, తిట్టే యజమాని లేడు. అణచివేత అంతా స్టాన్ భుజాల్లో, నిద్రలేని కళ్లలో ఉంటుంది. మనకు అలవాటైన పద్ధతి ఇందుకు పూర్తిగా వేరు. అన్యాయం మొత్తాన్ని ఒక విలన్‌లో పోసి, చివరి రీలులో వాణ్ని చంపేస్తాం. మర్నాడు పొద్దున గేరిలో నీళ్ల కొళాయి ఎప్పటిలాగే రాదు.

‘వాళ్లది రంగు, మనది కులం, సంబంధం ఏముంది సార్’ అని అడిగేవాళ్లూ ఉన్నారు. తేడా ఉన్నది నిజం. రంగు దూరం నుంచే కనబడుతుంది, కులాన్ని ఇంటిపేరు అడిగి, గేరి అడిగి తెలుసుకుంటారు. అయినా ఈ చుట్టరికం కొత్తది కాదు. జోతిరావు ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వం పోవాలని పోరాడినవాళ్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు, ఆయన జవాబూ ఇచ్చాడు. ఎవా డువెర్నే 2023లో తీసిన ‘ఆరిజిన్’లో అంబేడ్కర్ కథ ఉంది. హాలీవుడ్‌లో ఒక నల్లజాతి ఆడమనిషి మన బాబాసాహెబ్‌ను తెర మీదికి తెచ్చింది.

తెలుగు తెర మొదట్లో పిరికిది కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే ‘మాలపిల్ల’ తీశాడు. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథను తీసుకుని ‘ఒక ఊరి కథ’ తీశాడు. వెట్టి పనికి పోము పొమ్మనే తండ్రీకొడుకుల కథ అది. గొప్ప సినిమా. కానీ రెండూ గేరి బయటివాళ్లు గేరి వైపు చూసి తీసినవి. వాహినీ సినిమా సంస్థను స్థాపించిన బి.ఎన్. రెడ్డి మా కడప జిల్లా మనిషి. ఆయన ‘మల్లీశ్వరి’ అంటే నాకు ప్రాణం. అయినా మద్రాసులో సినిమాను నిలబెట్టిన సీమ బిడ్డల కెమెరా కరువు పల్లెల గేరి దాకా రాలేదు. ఈమధ్య ‘పలాస 1978’, ‘కలర్ ఫోటో’ వచ్చాయి, రెండూ 2020లోనే. ఒకటి శ్రీకాకుళం, ఒకటి బందరు. సీమ వంతు మిగిలే ఉంది.

మా పిల్లల్లో కొందరు ఫోన్లతో ఒక చిన్న సినిమా మొదలుపెట్టారు. కోసిగి పక్క ఊళ్ల నుంచి సుగ్గికి, అంటే గుంటూరు మిరప చేలకు, పోయే కుటుంబం కథ. లారీ ఎక్కడం కాదు, తాళం వేసిన ఇంటి ముందు ముసలామె దగ్గర మిగిలిపోయిన పిల్ల బడికి ఎట్లా పోతుందన్నది వాళ్లు ఎంచుకున్న విషయం. బాగా ఎంచుకున్నారు. తప్పెట తప్ప వేరే సంగీతం వద్దనుకున్నారు.

వాళ్లకు నేను గట్టిగా చెప్పింది ఆ తప్పెట గురించే. ‘కిల్లర్ ఆఫ్ షీప్’ 30 ఏళ్లు హాళ్లలో విడుదల కాలేదు. అందులోని పాటల హక్కులు కొనే శక్తి బర్నెట్‌కు లేదు. 1990లో అమెరికా దాన్ని జాతీయ సినిమాల పట్టికలో చేర్చుకుంది, అయినా జనం హాల్లో చూసింది 2007లో, లక్షన్నర డాలర్లు కట్టి హక్కులు తెచ్చాక. కాబట్టి తప్పెట కొట్టే అన్నలకు ముందే డబ్బివ్వండి, ఎంతిచ్చారో, ఎందుకిచ్చారో కాగితం మీద రాసి చదివి వినిపించండి, సినిమా మొదట్లోనే వాళ్ల పేర్లు వేయండి. పెళ్లికీ చావుకీ పిలిచి ఊరు ఇన్నాళ్లు చేసినట్టు ‘తర్వాత చూద్దాంలే’ అనొద్దు.